కుంకుడు రసం లెక్క

ఎండిన కుంకుడుకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ గలగలమంటుంది. పైపెచ్చు ముదురు గోధుమ రంగులో ముడతలు పడి, పట్టుకుంటే వేళ్ళకు కాస్త జిగురు తగులుతుంది. మన ప్రాంతపు కుంకుడు రెండేసి మూడేసి కాయలు అతుక్కుని కాస్తుంది. పండాక విడదీస్తే అతుకున్న చోట చదునైన మచ్చ మిగులుతుంది. హిమాలయాల దిగువన కాసే రీఠా దీనికి దాయాది, కానీ అది చాలావరకు ఒంటికాయ, గుండ్రంగా ఉంటుంది. గట్టి నల్ల గింజ పిల్లల ఆటలకే పనికొస్తుంది. తలంటుకు కావలసిన సత్తువంతా ఆ పైపెచ్చులోనే ఉంది.

ఆ పెచ్చులో ఉండేవి సాపోనిన్లు. ఒక్కో సాపోనిన్ అణువుకు ఒక కొస చక్కెరల గొలుసు, అది నీటిని కోరుతుంది. రెండో కొస నూనెను కోరుతుంది. జుట్టు మీది జిడ్డును ఒక కొస పట్టుకుంటే, రెండోది నీటితో పాటు లాక్కుపోతుంది. సబ్బు చేసే పనీ ఇదే. అయితే సబ్బు క్షారంతో తయారవుతుంది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, ఆ తెట్టు జుట్టుకు అంటుకుని పీచులా చేస్తుంది. కుంకుడు సాపోనిన్లు ఆ లవణాలతో అలా తెట్టు కట్టవు. పైగా రసానిది కొద్దిపాటి ఆమ్ల గుణం. బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో సబ్బు నురగ రాక విసిగించిన చోట కూడా కుంకుడు రసం మామూలుగానే పనిచేయడానికి కారణం ఇది. పట్టుచీరలు ఉతకడానికీ, బంగారు నగల మురికి వదిలించడానికీ దీన్నే వాడటం వెనకా ఇదే నెమ్మది గుణం ఉంది.

కాయలో గుణం ఉంటే చాలదు, రసం తీయడం చేతి పని. గచ్చు మీద కాయ పెట్టి గుండ్రాయితో కొట్టేటప్పుడు పెచ్చు పగలాలి, గింజ చితకకూడదు. మరీ గట్టిగా కొడితే పెచ్చు నలిగి పొడైపోతుంది, ఆ నలుసులు తర్వాత జుట్టులో చిక్కుకుని వదలవు. గింజలు ఏరేసి, పెచ్చుల్ని రాత్రే వేడినీళ్ళలో నానేస్తారు. తెల్లవారి ఆ పెచ్చుల్ని చేత్తో పిసుకుతుంటే నీళ్ళు తేనె రంగుకు తిరుగుతాయి, నురగ గిన్నె అంచు దాకా లేస్తుంది. మొదటి రసం చిక్కన. దాన్ని పక్కన పెట్టి, అవే పెచ్చుల్లో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి పిసికితే పలుచన రసం వస్తుంది. రెండూ పల్చటి గుడ్డలో వడకట్టాలి. చిక్కటి రసం మొదటి రుద్దుడికి, పలుచటిది రెండోదానికి. ఇందులో మందారాకులు నలిపి కలిపే ఇళ్ళున్నాయి. ఆ ఆకుల జిగురు వల్ల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారి చిక్కు తేలిగ్గా వస్తుంది. సీకాయ వాడే ఇళ్ళలో ఆ పొడిని గంజిలో కలుపుతారు, ఉద్దేశం ఇంచుమించు అదే.

కళ్ళలో పడితే మాత్రం మంట భరించలేం. పిల్లల నోట్లో ముందే ఉప్పుకల్లు వేసి, కళ్ళు గట్టిగా మూసుకోమని మాడు మీద నీళ్ళు పోసే పెద్దవాళ్ళు మన ప్రతి వీధిలోనూ ఉండేవారు. ఆ కాయను పొగిడే ఉత్సాహంలో ఈ మంట సంగతి దాచడం న్యాయం కాదు.

అసలు తలంటు గొప్పతనం ఒక్క కుంకుడుది కాదు, ముందూ వెనకా వచ్చే వరసది. మొదట గోరువెచ్చని నువ్వుల నూనె మాడుకూ ఒంటికీ పట్టిస్తారు. ఆ తర్వాత సున్నిపిండితో నలుగు. అప్పుడు కుంకుడు. చివర సాంబ్రాణి. నూనె మురికిని వదులు చేస్తుంది, పిండి పైపై నూనెను పీల్చుకుంటుంది, రసం మిగిలినదాన్ని కడుగుతుంది. కానీ ఎవరూ చివరి బొట్టు దాకా కడగరు. చర్మానికీ వెంట్రుకకూ ఎంత నూనె ఉండనివ్వాలో చూసుకుని అక్కడ చెయ్యి ఆపడమే ఇందులోని పనితనమని నాకు అనిపిస్తుంది. తలంటు పోసే అమ్మమ్మ వేళ్ళ మధ్య ఒక పాయ తీసి జారవిడిచి చూసి, ఇంకోసారి రసం పోయాలో వద్దో చెప్పేది ఆ లెక్కతోనే.

సున్నిపిండి దగ్గర కాస్త ఆగాలి. పెసలు, శనగపప్పు, కొన్ని ఇళ్ళలో మినుములు, గుప్పెడు బియ్యం దీనికి ఆధారం. ఆ పైన కస్తూరి పసుపు, కచ్చూరాలు, తుంగగడ్డలు, వట్టివేళ్ళు, ఎండిన నారింజ తొక్కలు, గులాబి రేకులు, బావంచాలు. పాళ్ళు ఇంటింటికీ వేరు. అన్నీ విడివిడిగా ఎండితేనే మరలో సరిగ్గా నలుగుతాయి, ఒక్కటి మెత్తగా ఉన్నా డబ్బాలో పురుగు పడుతుంది. పిండిని మైదాలా మెత్తగా పట్టించకూడదు. ఒంటి మీద రుద్దినప్పుడు మట్టి ఉండలు కట్టి రాలేందుకు కాస్త బరక కావాలి. బావంచాలు మాత్రం కొద్దిగానే వేయాలి, వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకు త్వరగా కందేలా చేస్తుంది. ఏ దినుసు ఎంత మించకూడదో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. పార్వతీదేవి వినాయకుణ్ణి నలుగుపిండితోనే చేసిందని ప్రతి చవితికీ కథ చదువుకుని అక్షింతలు వేసుకునే మనకు ఈ పిండి కేవలం సౌందర్య సామగ్రి ఎలా అవుతుంది? పెళ్ళికూతుర్ని చేసే రోజున ముత్తయిదువులు పాటలు పాడుతూ పెట్టే నలుగూ ఇదే.

ఈ వరస ఇళ్ళకే పరిమితమైనదీ కాదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళాల తయారీకి గంధయుక్తి అని ఒక అధ్యాయమే కేటాయించాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసంలో రాజు స్నానం ఒక భోగంగా చోటు చేసుకుంది. పూల వాసన పట్టించిన నువ్వుల నూనెతో మర్దన, ఆపైన ఆ నూనెను వదిలించే ముద్దలు. కల్యాణి, అంటే నేటి బసవకల్యాణ్, మన జహీరాబాద్‌కు ఎంతో దూరంలో లేదు. రాజుగారి వరసా, భోగినాడు తెల్లారకముందే పిల్లల్ని లేపి కూర్చోబెట్టే వరసా ఒకటే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

సాంబ్రాణి దూరదేశపు సరుకు. సుమత్రా వైపు అడవుల్లో చెట్టు బెరడుకు గాట్లు పెడితే కారి గడ్డకట్టే జిగురు అది. నిప్పుల మీద చిటికెడు చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద తడిజుట్టు పరుస్తారు. బుట్ట అల్లిక సందుల్లోంచి పొగ సన్నగా, సమంగా పాకుతుంది. వెచ్చదనానికి తడి ఆరుతుంది, పరిమళం పడుతుంది. బాలింతలకూ పసిపిల్లలకూ ఇప్పటికీ ఈ పొగ వేసే ఇళ్ళున్నాయి. పొగ ఊపిరికి మంచిది కాదు గనుక పసివాళ్ళ దగ్గర వద్దనే నా సలహా.

కృత్రిమ డిటర్జెంటుతో చేసిన షాంపూ 1934లో అమెరికాలో డ్రీన్ పేరుతో వచ్చింది. 1980ల తర్వాత చిన్న ప్యాకెట్లు మన పల్లె కొట్ల దాకా వేలాడాయి. నానబెట్టక్కర్లేదు, పిసకక్కర్లేదు, కళ్ళు అంతగా మండవు. ఇంటా బయటా చాకిరీ చేసే ఆడవాళ్ళు వాటివైపు మొగ్గితే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నాకు బాధ కలిగేది, సీసా మీద కుంకుడుకాయ బొమ్మ వేసి లోపల మాత్రం నురగంతా సల్ఫేటుతో తెప్పించినప్పుడే. వెనకవైపు పదార్థాల పట్టీలో మొదటి రెండు మూడు పేర్లు చదివితే సంగతి తెలిసిపోతుంది.

నిజానికి కుంకుడు రసం సీసాకు లొంగే సరుకు కాదు. పూటకు పూట తీసుకోవాలి, మర్నాటికి పులిసి వాసన వేస్తుంది. నిల్వ ఉండాలంటే మందులు కలపాల్సిందే. పెచ్చులు మాత్రం తడి తగలకపోతే నెలల తరబడి చెడవు. విశాఖ కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం గిరిజనుల నుంచి కొనే అటవీ ఫలసాయంలో కుంకుడూ ఉంది. అమెరికా వెళ్ళే పిల్లల సూట్‌కేసుల్లో పచ్చళ్ళ పక్కన గింజ తీసిన పెచ్చుల సంచీ కూడా సర్దే తల్లులున్నారు. కొనేటప్పుడు రెండు పెచ్చులు అడిగి, అరచేతిలో నీళ్ళతో నలిపి చూడండి. నురగ చిన్న బుడగలతో చిక్కగా నిలిస్తే మంచి కాయ. పెద్ద బుడగలు లేచి వెంటనే చితికిపోతే పాతబడిన సరుకు, వేరే కొట్టు చూసుకోండి.