పసి నక్షత్రముల కాంతి భేదములు: మన పాఠములపై ఒక విమర్శ

నక్షత్రజననమును గూర్చి తెలుగులో వచ్చు పాఠములు, వ్యాసములు చాలవరకు ఒకే మూసలో నడచుచున్నవి. వాయువు, ధూళి కలిసిన మేఘము తన బరువుచేత తానే క్రుంగును. నడుమ నక్షత్రము వెలుగును. చుట్టును తిరుగు ధూళిచక్రమునుండి గ్రహములు పుట్టును. ఇందులో తప్పు లేదు. నీహారిక, గురుత్వాకర్షణ వంటి మాటలను ఉన్నత పాఠశాల విద్యార్థులకు పరిచితము చేసిన ఘనత కూడ ఈ రచనలకు చెందును. కాని విద్యార్థి లేచి “ఈ సంగతి మనకెట్లు తెలిసినది?” అని అడిగినచో వీనిలో సమాధానము దొరకదు. లోపమిదియే.

ఆ సమాధానములో పెద్దభాగము పసి నక్షత్రముల కాంతి భేదములలో నున్నది. 1852లో ఆంగ్ల ఖగోళజ్ఞుడు జాన్ రస్సెల్ హైండ్ వృషభరాశిలో టీ టౌరి అను నిలుకడలేని నక్షత్రమును గమనించెను. 1945లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ జాయ్ అట్టివానిని పదునొకండింటిని ఒక తెగగా గుర్తించెను. అవి వయసున పసివని తరువాత తేలినది.

వీనిని ప్రస్తావించు వ్యాసములు సామాన్యముగా “ధూళి అడ్డువచ్చుటచే కాంతి మారును” అని ఒక్క వాక్యముతో ముగించును. ఇది సగము నిజము. నక్షత్రముపై నున్న మచ్చలు దానితోపాటు తిరుగుటచే కాంతి మారవచ్చును. చక్రములోని పదార్థము నక్షత్రముపై బడి వేడెక్కుటచే మారవచ్చును. ధూళి అడ్డుటచేతను మారవచ్చును. 1936లో ఎఫ్.యు. ఒరాయనిస్ కాంతి కొలది నెలలలో వంద రెట్లకు పైగా పెరిగినది. పదార్థము వెల్లువగా వచ్చిపడుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఏ.ఏ. టౌరి యన్ననో సుమారు 8 దినముల కొకసారి మసకబారుచుండెడిది. 2011 ప్రాంతమున దీర్ఘకాలపు మసకలో పడెను. అది ధూళితెర చేసిన పని. మన మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి 1867లో కనుగొనిన ఆర్. రెటిక్యులి కాంతియు మారునదే. కాని అది వయసు మళ్లిన నక్షత్రము, తానే ఉబ్బుచు క్రుంగుచుండును.

చూపునకు ఒకటిగా నున్న మార్పునకు ఇన్ని కారణము లుండగా, వానిని వేరుచేయుట యెట్లు? కాంతి మారు కాలక్రమము కొంత చెప్పును. రంగు మరికొంత చెప్పును. రంగు మాటయే మన రచనలలో కానరాదు. శీతకాలపు తెల్లవారుజామున నౌపడ ఉప్పుమడులపై మంచు దిగినపుడు స్టేషను దీపములు మసకబారును గాని ఎర్రబారవు. మంచు బిందువులు పెద్దవి. సాయంకాలము పడమటి కొండల వెనుక దిగు సూర్యుడు ఎర్రబారును. గాలిలోని అణువులు, సన్నని ధూళి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును. నక్షత్రము విషయమునను ఇంతే. కాంతి తగ్గుచు ఎర్రబారినచో అడ్డువచ్చినది సన్నని ధూళి. రంగు మారక తగ్గినచో రేణువులు పెద్దవై యుండవచ్చును. యు.ఎక్స్. ఒరాయనిస్ మరియొక వింత చూపును. మసకబారుచు మొదట ఎర్రనై, మిక్కిలి మసకలో నున్నపుడు నీలివైపునకు తిరుగును. నేరుగా వచ్చు కాంతి మరుగై, ధూళి చెదరగొట్టిన కాంతి మిగులుటయే యిందుకు కారణము.

రేణువులు పెరుగుట గ్రహనిర్మాణమున తొలిమెట్టు. కనుక ఈ మసకలను చదువుట మన భూమివంటి వాని పుట్టుకను చదువుటయే. ఇంతటి విషయమును విడిచి, 2014లో చిలీలోని ఆల్మా దూరదర్శినులు తీసిన హెచ్.ఎల్. టౌరి వలయముల చిత్రమును మాత్రము అచ్చువేసి తృప్తిపడుట తగదు. అది రేడియో తరంగములతో తీసినదనియు, అందలి రంగులు మనము వేసినవనియు చెప్పని చిత్రము విద్యార్థిని మురిపించును గాని, ఆలోచింపజేయదు.

రచయితలు ఇకనైన ఒక్క నక్షత్రపు కాంతి హెచ్చుతగ్గుల గీతపటమునైనను వ్యాసమున చేర్చి, దానిని చదువు విధము నేర్పవలెను. ఉపాధ్యాయులు అంతవరకు ఆగనక్కరలేదు. గాజుగ్లాసు నీటిలో కొన్ని పాలచుక్కలు కలిపి, వెనుక తెల్లని టార్చిలైటు నుంచుడు. ఎదుటనుండి చూచిన వెలుగు పసుపు, ఎరుపులకు తిరుగును. ప్రక్కనుండి చూచిన నీరు లేతనీలిగా తోచును. ఎర్రబారిన నక్షత్ర మేది, నీలిగా మిగిలిన వెలుగేది యని పిల్లలనే అడుగుడు.