వాన లెక్కతో మొదలయ్యే క్యాంపస్

ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో మొదలైంది. శాశ్వత క్యాంపస్ కోసం అనంతపురం పక్కన, బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో దానికి దాదాపు 490 ఎకరాలు కేటాయించారు. ఇలాంటి నేల మీద క్యాంపస్ గీయాలంటే ముందు వేయాల్సింది వాన లెక్క. ఈ ప్రాంతం పడమటి కనుమల వాన నీడలో ఉంది. తూర్పు తీరానికీ దూరమే. అందుకే నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అరకొరగానే అందుతాయి. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ మాత్రం వానకే ఎకరాకు 22 లక్షల లీటర్లు, 490 ఎకరాలకు వంద కోట్ల లీటర్లకు పైగా నీరు పడుతుంది. చిక్కల్లా ఆ వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరించిపోవడం. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి కరువు పట్టణమైన అనంతపురం శివారు కాలనీలే నీట మునిగాయి.

ఆ వంకకే 14వ శతాబ్దంలో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు కట్ట వేయించాడు. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో, మిగులు నీరు పొర్లిపోయే మరవ అంత ముఖ్యం. పై కుంట నిండి మరవ పారితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. రాయలసీమ గొలుసు చెరువుల పద్ధతి ఇదే, క్యాంపస్‌కూ ఇదే సరిపోతుంది. మొదట నేల ఎత్తుపల్లాలు కొలిచి, వంకల దారులను ఖాళీగా వదిలేయాలి. భవనాలు మెరక మీద లేవాలి. వాలుకు అడ్డంగా కందకాలు, పల్లంలో కుంటలు, ప్రతి కుంటకూ రాతి మరవ ఉండాలి.

తర్వాత కప్పులు. వెయ్యి చదరపు మీటర్ల మిద్దె మీద ఏటా ఐదున్నర లక్షల లీటర్ల వాన పడుతుంది. తరుగు పోగా నాలుగు లక్షలైనా దక్కుతుంది. తొలి వాన మిద్దె మీది దుమ్మును కడిగేస్తుంది కాబట్టి ఆ నీటిని వేరే గొట్టంతో బయటికి వదలాలి. ఆపై వచ్చే నీటిని ఇసుక, కంకర పొరల గుండా సంపులోకి మళ్లించాలి. జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది. అందుకే శుద్ధి చేసిన వాన నీరు ఇక్కడ తాగడానికి మేలైనది.

ఇక ఎండ లెక్క. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మిగిలిన నెలల్లో దక్షిణంగా. కాబట్టి భవనాలు తూర్పు పడమరలుగా పొడవుగా సాగాలి. ఉత్తర, దక్షిణ గోడలు రెండింటికీ వసారాలు కావాలి. పడమటి గోడకు కిటికీలు తగ్గించి, మెట్లదారులు, సామాన్ల గదులు అటు పెడితే చదువుకునే గదులు చల్లగా ఉంటాయి. తాడిపత్రి బండలు, స్థానిక రాయి దగ్గర్లోనే దొరుకుతాయి. అద్దాల గోడలు ఈ ఎండకు తగవు.

చెట్ల విషయంలో చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ గొప్ప పాఠం. 1990లో 32 ఎకరాల బీడు మీద మొదలైన ఆ ప్రయత్నంలో నిప్పు, మేత నుంచి కాపాడేసరికి నేలలో మిగిలి ఉన్న వేళ్లే చిగిర్చాయి. క్యాంపస్‌లోనూ కొంత భూమిని అలా వదిలేస్తే చాలు. నాటాల్సిన చోట వేప, కానుగ, చింత, సీతాఫలం నాటాలి. నీళ్లు తాగే పచ్చిక బయళ్లకు ఇక్కడ చోటు లేదు. హాస్టళ్ల వాడుక నీటిని శుద్ధి చేసి డ్రిప్‌తో మొక్కలకు అందించవచ్చు.

ఇంత చేసినా కుంటల్లో ఏటా ఒండ్రు పేరుకుంటుంది; వేసవిలో పూడిక తీయకపోతే కొన్నేళ్లకే అవి మెరకవుతాయి. కాబట్టి వాన కొలత, కుంటల మట్టం, బోర్లలో నీటి లోతు, వాడుక లెక్క విద్యార్థుల పాఠ్యాంశంలో భాగం కావాలి. ఏ యేటి వానకు తగ్గట్టు ఆ యేటి వాడుక నిర్ణయించుకున్న క్యాంపస్ కరువును తట్టుకుంటుంది. చుట్టూ ఉన్న పల్లెలకూ అదే అసలైన పాఠశాల అవుతుంది.