పూలు నిలబడే లెక్క

బతుకమ్మను పేరుస్తారు. కుట్టరు, అతికించరు, మేకులు కొట్టరు. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు ఆశ్వయుజ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తెలంగాణ ఇళ్లలో సాగే ఈ పండుగలో, మోకాలెత్తు పూలకుప్ప ఒకటి పళ్లెంలో నిటారుగా నిలబడుతుంది. సాయంత్రం నెత్తిమీద ఎక్కి చెరువు దాకా నడుస్తుంది. అన్ని కుదుపులకూ విడిపోకుండా దాన్ని పట్టి ఉంచేది ముఖ్యంగా పేర్చిన చేతుల లెక్కే. ఇద్దరు చిన్నపిల్లలు, నాయనమ్మ ఉన్న ఒక పడుచు జంట ఇంట్లో సద్దుల నాటి పనిని దగ్గర కూర్చుని చూస్తే ఆ లెక్క ఒక్కో అంచెగా అర్థమవుతుంది.

పని పూల దగ్గర మొదలవుతుంది. పువ్వు తేవడం తండ్రి, పిల్లల వంతు. తెల్లవారుతూనే సంచులు పట్టుకుని బయల్దేరతారు. తంగేడు రాళ్ల నేలల్లో, బాటల పక్కన, గుట్టల వాలుల్లో పూస్తుంది. గునుగు జొన్న, మక్క చేన్లలో కలుపుగా మొలుస్తుంది. ఏడాది పొడుగునా రైతు పీకి పారేసే మొక్కకు ఈ తొమ్మిది రోజులూ ఎక్కడలేని గిరాకీ. వానలు తగ్గి నేలలో ఇంకా తడి ఉన్న ఈ కాలంలోనే రెండూ విరగబూస్తాయి. అందుకే ఈ పండుగకు సరుకు ఆ రుతువే ఇస్తుంది. బంతి, చామంతి, కట్లపూలు, గుమ్మడిపువ్వు పెరట్లోనో అంగట్లోనో దొరుకుతాయి. కోసేటప్పుడు తండ్రి పిల్లలకు చెప్పే మాట ఒకటే: పువ్వును తుంచొద్దు, కాడతో కోయాలి. ఎందుకో పేర్చేటప్పుడు తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక గునుగుకు ఎక్కువ పని ఉంటుంది. పువ్వులను గుప్పెడు గుప్పెడుగా తీసుకుని, తలలన్నీ ఒక మట్టానికి వచ్చేలా నేలమీద తట్టి, మెడ దగ్గర దారంతో కట్ట కడతారు. ఆ తర్వాత కాడలను ఒకే పొడవుకు కత్తిరిస్తారు. ఈ సమానత్వం అందం కోసం మాత్రమే కాదు. ఒక కట్ట కాడ పొడుగైతే దాని తల వరుసలోంచి బయటికి పొడుచుకొస్తుంది. పొట్టిదైతే లోపలికి జారి అక్కడ గుంట పడుతుంది. వరుసలో ఒక్క గుంట ఉన్నా పైవరుస అటు వాలుతుంది.

కట్టిన కట్టల కొసలను రంగునీళ్లలో ముంచుతారు. వెడల్పు గిన్నెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి, కట్టను తలకిందులుగా పట్టుకుని కొస వరకే ముంచి, నీళ్లు దులిపి నీడలో ఆరబెడతారు. తెలుపు, లేత గులాబీ కలిసిన సహజ రంగు కింద మిగులుతుంది, పైన కొత్త రంగు ఎక్కుతుంది. కొన్ని కట్టలను రంగు వేయకుండానే ఉంచుతారు. గునుగు రంగును ఇంత బాగా పట్టుకోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. దాని రేకులు కాగితం లాగా పొడిగా, గరగరలాడుతూ ఉంటాయి. నీళ్లు నిండిన మెత్తని రేకులైతే మధ్యాహ్నానికి వాడిపోతాయి. గునుగు మాత్రం కోసినా ఆకారం చెడదు. తంగేడు వాడిపోతున్నా బతుకమ్మ రూపు చెదరకుండా ఉండేది ఎక్కువగా గునుగు పుణ్యమే.

ఇక పేర్చడం. ఇత్తడి తాంబాళమో, వెదురు సిబ్బియో తీసుకుంటారు. దాని మీద గుమ్మడి ఆకులో, ఆనప ఆకులో పరుస్తారు. ఆ ఆకుల గరుకుదనం మీద కాడలు జారవు. అంచు వెంట మొదటి వరుస తంగేడు. ఏడేళ్ల బిడ్డ మొదటి గుత్తిని పువ్వు లోపలికి వచ్చేలా పెట్టబోతే, నాయనమ్మ ఆ చేయి పట్టుకుని తిప్పింది. “తలలు బయటికి, కాడలు లోపలికి, బిడ్డా. కాడ మీదనే బరువు పడాలె.”

మొత్తం నిర్మాణం ఆ ఒక్క మాటలో ఉంది. పువ్వు తల వరుసకు బయట వేలాడుతుంది. దాని బరువు కిందికి లాగుతుంది, అంటే కాడ వెనుక కొస పైకి లేవాలని చూస్తుంది. ఆ కొసను నొక్కి పట్టేది దానిమీద వచ్చే తర్వాతి వరుస. అందుకే ప్రతి వరుసనూ కింది వరుస కంటే వేలెడంత లోపలికి జరుపుతారు. పైవరుస బరువు కింది పువ్వు తలమీద పడితే పువ్వు నలిగి పక్కకు ఒరుగుతుంది, కాడమీద పడితే కింది పువ్వు కదలకుండా బిగుసుకుంటుంది. వరుస వరుసకూ లోపలికి జరగడంతో ఆకారం తనంతట తానే పైకి సన్నబడుతుంది. కళ్లకు అందంగా కనిపించే ఆ వాలు నిజానికి నిలబడటానికి కావలసిన వాలు.

వరుసల మధ్య ఖాళీ మిగులుతుంది. ఈ భాగం ఎవరికీ కనిపించదు. నాయనమ్మ మాత్రం ఎక్కువ శ్రద్ధ దీనిమీదే పెట్టింది. కత్తిరించగా మిగిలిన కాడలు, తంగేడు ఆకులు, గడ్డి అన్నీ చిన్నగా తుంచి ఆ మధ్యలో నింపి అరచేత్తో అదిమింది. ఒక వరుస పెట్టడం, మధ్యను దాని మట్టానికి నింపడం, అదమడం, మళ్లీ వరుస. సున్నం లేకుండా రాతి గోడ కట్టే మేస్త్రీ కూడా రెండు ముఖాల మధ్య చిల్లరాళ్లను ఇలాగే కూరతాడు. మధ్య వదులైతే పైన ఎంత అందంగా పేర్చినా పొట్ట దిగిపోతుంది. మరీ గట్టిగా కుక్కితే వరుసలు బయటికి తోసుకొస్తాయి. ఎంత అదిమితే చాలో అరచేతికే తెలుస్తుంది. కొందరు మధ్యమధ్య వరుసల చుట్టూ దారం కూడా చుడతారు.

తల్లి కూర్చున్నచోటి నుంచి లేవదు. పళ్లెమే తిరుగుతుంది. కట్ట పెట్టిన ప్రతిసారీ కొంచెం తిప్పుతుంది. అలా తిప్పడం వల్ల అన్ని వైపులా ఒకే కంటితో, ఒకే దూరం నుంచి పని సాగుతుంది. తంగేడు మీద ఎర్ర గునుగు, దాని మీద బంతి, ఆపైన తెల్ల గునుగు, మళ్లీ చామంతి. రంగు పక్కన రంగు ఎంచుకోవడంలో ఇంటింటికీ తేడా ఉంటుంది. తలబరువు ఎక్కువైన ముద్దబంతిని మాత్రం కాడ గట్టిగా ఉన్నది చూసి పెడతారు. రెండు మూడు వరుసలకొకసారి తండ్రి నాలుగడుగులు దూరం జరిగి చూసి, ఎటు ఒరిగిందో చెబుతాడు. దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ ఒరుగు కనబడదు.

పైకి వచ్చేసరికి వరుస గుప్పెడంత అవుతుంది. దానిమీద విచ్చుకున్న గుమ్మడిపువ్వు. అందులో తమలపాకు మీద పసుపు గౌరమ్మ. పసుపును నీళ్లతో ముద్దగా కలిపి చిన్న శంకువులా చేస్తారు. నీళ్లు ఎక్కువైతే కుంగుతుంది, తక్కువైతే పగులుతుంది. కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తులు గుచ్చితే బతుకమ్మ పూర్తవుతుంది.

పక్కనే చిన్న పళ్లెంలో తోడు బతుకమ్మ తయారవుతుంది. అది పిల్లలది. పెద్ద బతుకమ్మకు పనికిరాని పొట్టి కాడలన్నీ దానికి సరిపోతాయి. నాలుగేళ్ల పిల్లవాడు కట్టలు అందిస్తాడు, అక్క పేరుస్తుంది. కూలితే మళ్లీ పేరుస్తారు. ఈ పనిని పిల్లలకు విడిగా ఎవరూ నేర్పరు. చిన్న పళ్లెంలో చేతికి అలవాటైన లెక్కే రేపు పెద్ద తాంబాళం దగ్గర పనికొస్తుంది.

పనితనానికి అసలు పరీక్ష సాయంత్రం. వాకిట్లో ఆడినంతసేపూ బతుకమ్మ కదలదు. చెరువుకు బయల్దేరినప్పుడు అడుగడుగుకూ కుదుపు తగులుతుంది, గట్టు దిగేటప్పుడు వంపు వస్తుంది. బాగా పేర్చినదైతే కుదిపినకొద్దీ కాడలు సర్దుకుని మరింత బిగుస్తాయి. నీళ్లలో దించి కింద పళ్లెం మెల్లగా లాగేసినా, ఆకులూ కాడలూ నీటికంటే తేలిక గనుక కుప్ప కాసేపు అలాగే తేలుతుంది. ఒడ్డున పసుపు ఇచ్చిపుచ్చుకుంటారు, సత్తుపిండి, పులిహోర, పెరుగన్నం పంచుకుంటారు.

హైదరాబాదు ఫ్లాట్లలో గునుగు కట్టలు అంగట్లో కొని పేరుస్తారు. అమెరికాలో ఉన్న తెలంగాణ కుటుంబాలు అక్కడ దొరికే చామంతులతో పేరుస్తాయి. పువ్వు మారినా లెక్క మారదు: తల బయటికి, కాడ లోపలికి, మధ్య గట్టిగా, వరుస వరుసకూ వేలెడు లోపలికి. ఒక్క పూట నిలబడి నీళ్లలో కలిసిపోయే వస్తువుకు ఇంత శ్రద్ధ ఎందుకని అనిపించవచ్చు. ఏటా కలిసిపోతుంది గనుకనే ఏటా పేర్చాల్సి వస్తుంది. ఏటా పేరుస్తారు గనుకనే ఈ విద్య నాయనమ్మ చేతి దగ్గర ఆగిపోకుండా మనవరాలి చేతికి వస్తోంది. పిల్లలున్న ఏ ఇల్లయినా ఈ పండుగకు చేయగలిగిన మేలైన పని, వాళ్ల ముందు ఒక చిన్న పళ్లెం, గుప్పెడు పూలు పెట్టి, కూలినా మళ్లీ పేర్చేంత తీరిక ఇవ్వడం.