పార్వతీశం పెట్టె, మా అమ్మ సంచి

యాత్రాచరిత్రలంటే నాకు ప్రాణం. కాని వాటిమీద నాకొక పాత కోపం కూడా ఉంది. ఈ రచయితలు పొద్దున్నే బసలోంచి బయల్దేరతారు. సాయంత్రానికి నాలుగు మ్యూజియాలూ రెండు వంతెనలూ చూసి వచ్చేస్తారు. మధ్యలో వాళ్లకి దాహం వెయ్యదు, కాళ్లు పీకవు. చేతిలో సంచీ ఉందో లేదో, ఉంటే అందులో ఏముందో చెప్పనే చెప్పరు. ఆ సంచి సర్దిపెట్టింది ఎవరై ఉంటారో మనకి తెలుసు గనక ఊరుకుంటాం!

ఏనుగుల వీరాస్వామయ్యగారు అలాంటివారు కారు. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, అంటే మా కర్నూలు సీమ మీదుగానే కాశీకి పోయి, పదిహేను నెలల పైచిలుకు తిరిగారు. ఆయన కాశీయాత్ర చరిత్ర తిరగేసి చూడండి. ఏ మజిలీలో నీళ్లెలా ఉంటాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో, ఎక్కడ దొరకవో రాసుకుంటూ పోయారు. వెనక వచ్చేవాళ్ల ఆకలి ఆయనకి గుర్తుంది. తర్వాత రాసినవాళ్లలో చాలామందికి గోపురాలే గుర్తున్నాయి.

ఇక బారిస్టర్ పార్వతీశం. మొక్కపాటివారు 1924లో మొగల్తూరు నుంచి ఇంగ్లండుకి పంపిన ఆ అబ్బాయి సామాను చూసి ఇప్పటికీ నవ్వుతున్నాం. బి.ఏ. చదివే రోజుల్లో హాస్టలు గదిలో నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. నలభై దాటాక మళ్లీ చదివితే ఒక సంగతి తట్టింది. అతను తల వంచుకోవలసి వచ్చింది ఇంటినుంచి మోసుకెళ్లిన సరంజామా వల్ల కాదు, దొరలా కనబడాలని మద్రాసులో కొన్న టోపీ వల్ల. అది ఆడవాళ్ల టోపీ అని పాపం అతనికి తెలీదు. మనం మాత్రం టోపీని క్షమించి పెట్టెను పట్టుకున్నాం. విదేశం పోయే తల్లి సంచీలోకి తొంగిచూసి "ఛీ, ఇవన్నీ ఎందుకమ్మా" అనడానికి ఆ నవ్వొక్కటే కారణమని అనను. సాయం మాత్రం చేసింది.

నేనూ అన్నాను. లండన్‌లో మా చెల్లెలింటికి అమ్మను తీసుకుపోయాను. బ్రిటిష్ మ్యూజియంకి బయల్దేరే రోజున అమ్మ మద్దికెర నుంచి తెచ్చుకున్న గుడ్డసంచి సర్దుకుంది. బొరుగులూ వేయించిన బుడ్డలూ కలిపి కట్టిన పొట్లం, మాత్రల డబ్బా, చెల్లెలి అడ్రసు రాసిన కాగితం, ఖాళీ సీసా, ఎమ్మిగనూరు తువ్వాల. (మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ల సొసైటీ పెట్టిన ఎమ్మిగనూరే. ఆ తువ్వాల నీళ్లు తాగుతుంది, బరువుండదు.)

"అమ్మా, మనం గుంతకల్లు ప్యాసింజరు ఎక్కడం లేదు" అని పొట్లమూ తువ్వాలా తీసి బయట పెట్టేశాను. నా తోలుసంచీలో కెమెరా, ఇటికరాయంత గైడు పుస్తకం పెట్టుకున్నాను.

"ఆకలైతేనో?" అంది అమ్మ.

"అన్నీ దొరుకుతాయిలే."

దొరుకుతాయి, నిజమే. కాని ఆ రోజు బస్సు దిగీ దిగకముందే వాన. ద్వారం చేరేసరికి అమ్మ కుచ్చిళ్లు సగానికి తడిశాయి, చెప్పుల్లో నీళ్లు. తుడుచుకోమని నేనిచ్చింది ఒక కాగితం రుమాలు. లోపలికి టికెట్టు లేదు గాని గదులకి అంతూ లేదు. ఈజిప్టు మమ్మీల దగ్గర నేను గైడు పుస్తకం తెరిచి పైకి చదువుతూ ఉంటే, నా చేతిలో ఉన్న అమ్మ చెయ్యి వణికింది. షుగరు మనిషి. ఒంటిగంట దాటింది. నుదుటి నిండా చెమట. ఎవరో పరాయి దేశపు పిల్ల, చంకలో బిడ్డతో, సంచీలోంచి బిస్కట్లు తీసి అమ్మ చేతిలో పెట్టింది. పొట్లం కట్టుకొచ్చిన తల్లి ఇంకొకతె!

కృష్ణ ఒడ్డునుంచి అక్కడికి చేరిన అమరావతి శిల్పాల గది అమ్మకి చూపించాలనే బయల్దేరాను. చూడకుండానే టాక్సీ ఎక్కాం. "రాళ్లు యాడికీ పోవులేమ్మా" అంది అమ్మ. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నా పుస్తకాలు గుర్తొచ్చాయి. నా నవలల్లో ఇద్దరు కథానాయికలు విదేశాలు తిరిగారు. ఒకామె చేతిలో తెల్లని హ్యాండ్‌బ్యాగు ఉందని రెండుసార్లు రాశాను. అందులో ఏముందో నాకే తెలీదు! విమర్శకులు శైలి బాగుందన్నారు. ఇప్పుడెవరైనా యాత్రా పుస్తకం ఇచ్చి అభిప్రాయమడిగితే నేను చూసేది ఒకటే. ఇది చదివి, మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్లావిడ ఒక పగలంతా పరాయి ఊళ్లో తిరిగి క్షేమంగా ఇల్లు చేరగలదా?

వారం తర్వాత మళ్లీ పోయాం. ఈసారి సంచి జోలికి నేను పోలేదు. అక్కడ చక్రాల పెట్టెల్ని లోపలికి రానివ్వరు. గుడ్డసంచిని తెరిచి చూసి పంపించారు. సీసాలో చెల్లెలింటి కుళాయి నీళ్లే, ఆ ఊళ్లో అవి తాగొచ్చు. చీరకింద చెల్లెలి బూట్లు. ఇంకో జత మేజోళ్లు సంచీలో. లోపలికి పోయేముందు అమ్మ మెట్లమీద తువ్వాల పరిచి కూర్చుంది. పొట్లం విప్పి నాకో గుప్పెడు, పక్కన కూర్చున్న ముసలి దొరసానికి ఓ గుప్పెడు పెట్టింది. ఆవిడ బుడ్డలు ఏరుకుని ముందు తింది.

ఫోటో తీద్దామని చూస్తే కెమెరా ఇంట్లో మరిచిపోయి వచ్చాను.