వేకువకు ఖాళీ కావలసిన సంచి

మానవుడు పెంచు ప్రాణులలో కోడికి ముసలితనము చూడనిచ్చుట మిక్కిలి అరుదు. మాంసమునకై పెంచు బ్రాయిలరు ఆరేడు వారములకే తూకమునకెక్కును. గుడ్లకై పెంచు లేయరు ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గగానే షెడ్డు విడిచిపోవును. కావున కోడికి వార్ధక్యమను దశ యొకటి కలదనియు, ఆ దశలో వచ్చు బాధలు వేరనియు ఎరిగినవారిని షెడ్లలో గాక, పెరటిలో నాలుగు నాటుకోళ్లను సాకుకొను ఇల్లాండ్రలో వెదకవలెను.

మా పూడూరు మండలమున, మన్నెగూడ చౌరస్తా మొదలు దామగుండపు అడవి అంచువరకు గల పల్లెలలో, గుడ్లు దాదాపు మానిన పెట్టను కూడ కొందరు కోయక ఉంచుకొనుట కేవలము జాలిచేత కాదు. రాజేంద్రనగరమున రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు గుడ్లు బాగుగనే పెట్టును గాని పొదుగుటకు కూర్చుండుట అరుదు. ఆ గుడ్లను ఇరువదియొక్క దినములు తన రొమ్ముక్రింద నుంచుకొని పిల్లలను లేపి, గద్ద నీడ పడగానే వానిని రెక్కలక్రిందికి పిలుచుకొను నేర్పు నాటుపెట్టది. అట్టి పెట్ట ముదిసినపుడు దానిని తరచుగ పట్టి పీడించునది మేతసంచి బాధ.

మెడ దిగువన, రొమ్మునకు ఎగువన, కొంచెము కుడివైపునకు ఒరిగి ఉండు ఈ సంచి అన్ననాళమే ఉబ్బి ఏర్పడినది. దంతములు లేని పక్షి చిక్కిన గింజను చిక్కినట్లు మ్రింగి ఇందు నిలువచేసికొని, తడిపి మెత్తపరచి, కొద్దికొద్దిగ లోనికి పంపును, నమలుపని కందనకాయది. కందనకాయ బలమెంతటిదో పద్దెనిమిదవ శతాబ్దమున ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లంజానీ సూదులు గ్రుచ్చిన సీసపు గుండును టర్కీకోడిచేత మ్రింగించి చూచినాడు; ఆ సూదులు లోపల విరిగి మొక్కవోయినవి. అంతటి తిరుగలికిని రాళ్లు కావలెను. మా ఎర్రమొరము నేలపై తిరుగు కోడికి ఆ కొరత లేదు. సిమెంటు గచ్చు వేసిన పెరటిలో బంధింపబడినదానికి కలదు. రాళ్లు లేక కందనకాయ మందగించినచో, పైనున్న సంచి నిండినది నిండినట్లే ఉండిపోవును.

ఈ విద్య అంతయు వ్రేళ్లకొసలలో ఉన్నది. మా వాడకట్టులోని ఒక అవ్వ చెప్పిన మాట నాకు శాస్త్రవాక్యమైనది: "మాపటికి సంచి నిండుగుండాలె బిడ్డా, పొద్దుగాల గంప లేపకముందు పట్టి చూస్తె ఖాళీగుండాలె. గట్ల లేకుంటె కోడికి బాగలేనట్టే." రాత్రి నిండిన సంచి తెల్లవారునప్పటికి జారిపోవుట ఆరోగ్యలక్షణము, మేత వేయకముందు తాకి చూచుట తప్ప దీనిని తెలిసికొనుటకు వేరు సాధనము లేదు.

తాకినపుడు గట్టిగ, కదలని ముద్దగ తగిలినచో ఏదియో అడ్డుపడినదని గ్రహింపవలెను. వానకాలమున ఏపుగ పెరిగిన గడ్డిపోచలు, పత్తి చేల గట్లపై మ్రింగిన పీచు, బస్తా విప్పి పారవేసిన సుతిలి ముక్కలు లోపల పెనవేసికొని ఉండలు కట్టును. అట్లుగాక నీళ్లు నింపిన బుడగవలె జలజలలాడుచు, నోటినుండి పులిసిన వాసన వచ్చినచో, నిలిచిపోయిన మేతలో కాండిడా అను బూజు పెరిగినదని అనుమానింపవలెను. దీర్ఘకాలము యాంటీబయాటిక్కులు వాడిన పక్షులకు ఇది సులభముగ సోకును. మూడవది ముసలి కోళ్లయందు తరచుగ చూచునది: సంచి గోడలలోని కండరము పట్టుసడలి, సంచి యంతయు క్రిందికి వ్రేలాడుట. మా ఇంటి నల్లపెట్టకు వచ్చినది ఇదియే.

గట్టిపడిన సంచికి మేత ఒక పూట ఆపి, నీరు మాత్రముంచి, ముక్కు ప్రక్కనుండి నువ్వులనూనె చుక్కలుగ జార్చి, బొటనవ్రేలితో ఓపికగ మర్దించినచో ముద్ద విడివడవచ్చును. మరునాటి ఉదయమునకును దిగనియెడల పశువైద్యశాలకు తీసికొనిపోవలెనే గాని, ఇంటిలో బ్లేడుతో కోసి కుట్టుటకు పూనుకొనరాదు. పులిసిన సంచికి బూజును చంపు మందు వైద్యుడే తూకము చూచి ఇయ్యవలెను. కోడిని తలక్రిందులుగ పట్టి సంచి పిండి కక్కించు అలవాటొకటి మన పల్లెలలో ఉన్నది. ఆ పులిసిన నీరు శ్వాసనాళములోనికి జారినచో పక్షి క్షణములలో ఊపిరాడక చావవచ్చును. ఈ అలవాటు మానవలసినదని నేను గట్టిగ చెప్పుచున్నాను. వ్రేలాడు సంచి మరల మునుపటివలె బిగియదు. మెత్తగ నానిన నూకలను తక్కువగ, పలుమార్లు పెట్టుచు, పొడవు గడ్డి అందకుండ చూచుకొనవలెను. మా నల్లపెట్టకు నేను చేయునది ఇంతే. అది ఈ వర్షర్తువునందును పిల్లలను వెంటబెట్టుకొని తిరుగుచున్నది.

సంచి నిలిచినంతమాత్రమున రోగము సంచిలోనే ఉన్నదనుకొనుటయు పొరపాటు. కడుపులో గుడ్డు చిక్కి కుళ్లుట, నులిపురుగులు, లోపలి గడ్డలు, మ్రింగిన సీసపు తునకల విషము—వీనిలో దేనిచేతనైనను ప్రేగుల నడక మందగించి ఆ మందము పైకి సంచిలో కనబడును. ముదిసిన పెట్టయందు ఇట్టి మూలకారణములే మెండు. అందుచేతనే మర్దించి దింపిన సంచి నాలుగు దినములలో మరల నిండినచో సంచిని విడిచి కడుపును పరీక్షింపవలెను. ఇక ఒక కోడి గాక వాడలోని పలు కోళ్లు ఒక్కసారిగ మేత మాని, ఆకుపచ్చని రెట్ట వేయుచు, మెడలు మెలితిప్పుచున్నచో అది కొక్కెర తెగులని అనుమానింపవలెను. అప్పుడు సంచులు పిసుకుచు కూర్చుండక, మిగిలినవానిని వేరుచేసి వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

వైద్యగ్రంథములు వేల కోళ్ల మందలను ఉద్దేశించినవి; ఒక్క ముసలి పెట్టను గూర్చి వానిలో చెప్పినది స్వల్పము. ఆ కొరతను తీర్చవలసినవారు పెరటివారే. మీ ఇంట ముదిసిన పెట్ట ఉన్నచో రేపు ఉదయము గంప ఎత్తక ముందు, మేత చల్లక ముందు, ఒక్కసారి దాని మెడక్రింద చేయి వేసి చూడుడు.