గాజుముక్కల్లో మలయా

కౌలాలంపూర్ వెళ్ళే మనవాళ్ళు జంట టవర్లు చూస్తారు, బటు గుహల మెట్లు ఎక్కుతారు. వీలుంటే జాతీయ మ్యూజియంలోకీ తొంగిచూస్తారు. కానీ ఆ మ్యూజియం గుమ్మానికి అటూ ఇటూ పరుచుకున్న రెండు గోడల ముందు ఆగేవాళ్ళు ఎంతమంది? ఒక్కొక్కటి 35 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు. అంతా ఇటలీ గాజు మొజాయిక్. ఒకదాని మీద దేశచరిత్ర ఘట్టాలు, రెండోదాని మీద అక్కడి జనం చేతిపనులు, సంస్కృతి. చేసినవాడు చియోంగ్ లైతోంగ్. 1963 ఆగస్టు 31న మ్యూజియం తలుపులు తెరిచేనాటికి ఆయనకు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. మలేసియా గోడల మీద ఆయన పనిని మించింది నాకింకా కనబడలేదు.

గాజుముక్కలతో బొమ్మ కట్టడం రోమన్ల నాటి విద్య అంటారు. ఆ చరిత్ర ఎలా ఉన్నా పని తీరే అద్భుతం. ఇంత పెద్ద గోడకు మామూలుగా బొమ్మను తిరగేసి చేస్తారు. చిన్న నమూనాను గోడంత కాగితం మీదికి పెంచుతారు, అదీ కుడి ఎడమలు తారుమారు చేసి. గోరంత గాజుముక్కల్ని ముఖం కిందికి పెట్టి, నీళ్ళకు కరిగే జిగురుతో కాగితానికి అంటిస్తారు. తర్వాత భాగాలుగా కోసి, అంకెలు వేసి, పచ్చి సిమెంటు మీద అదిమి తడతారు. పట్టు బిగిశాక కాగితం తడిపి ఒలిచేస్తారు. అసలు ముఖం బయటపడేది అప్పుడే! వెనకవైపు నుంచి ముగ్గు పెట్టినట్టన్నమాట. ఒక కన్ను వంకరపోతే తుడిచి మళ్ళీ గీసే వీలుండదు.

రంగులు కలుపుకునే సౌకర్యమూ లేదు. ఉన్న గాజు ఛాయల్లోంచే ఏరుకోవాలి. లేత నీలం పక్కన ముదురు ఆకుపచ్చ పెడితే దూరం నుంచి చూసేవాడి కంట్లో అవి కలిసి మూడో రంగవుతాయి. ముక్కల వరుస నడిచే దారి మరీ ముఖ్యం. భుజం దగ్గర వరుస భుజంతో పాటు వంగాలి, నడుము దగ్గర నడుముతో తిరగాలి. లేపాక్షి గుడి పైకప్పు మీద చీర అంచుల గీతల్ని కన్నార్పకుండా చూసినవాళ్ళకు నేను చెప్పేదేమిటో తెలుస్తుంది. పైగా రంగు గాజులోనే ఉంటుంది కాబట్టి ఎండకు వెలిసిపోదు. అక్కడి కుండపోత వానలు దాన్ని కడిగి మెరుగు పెట్టి పోతాయి.

లైతోంగ్ ఒక్కడే కాదు. అంతకు ఏడాది ముందే, 1962లో, జాతీయ భాషా సంస్థ దేవాన్ బహాసా దాన్ పుస్తకా గోడ మీద ఇస్మాయిల్ ముస్తామ్ అనే కుర్రవాడు తన మొజాయిక్‌లో బహుజాతుల సమాజాన్నంతా నిలబెట్టాడు. 1957లో మెర్దెకా స్టేడియంలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న దేశం, ఐదారేళ్ళలో తన ముఖాన్ని తన కళాకారుల చేతే గీయించుకుంది. ఆ పౌరుషం ఇప్పుడేదీ?

2012లో లిథువేనియా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జఖారెవిచ్, పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ గోడకు నిజం సైకిలు బిగించి దాని మీద ఇద్దరు పిల్లల్ని చిత్రించాడు. చక్కటి పనే, కాదనను. కష్టమల్లా తర్వాత వచ్చింది. ఊరూరా అలాంటి గోడే కావాలన్నారు. అదే పాత సైకిలు, అదే ఊయల, అవే నవ్వే పిల్లలు! కొన్నిచోట్ల కుంచె కూడా పట్టరు, కంప్యూటర్‌లో అచ్చువేసిన స్టిక్కరు అంటించి కళ అంటారు. రెండు వానాకాలాలకు అంచులు లేచిపోతాయి. ఆ గోడ మీద ఆ వీధి మనిషి ఒక్కడైనా ఉండడు. ఇది సెల్ఫీల కోసం గోడల్ని అమ్ముకోవడం, అంతకంటే ఏమీ కాదు. పెటాలింగ్ వీధి పక్క సందు క్వాయ్ చాయ్ హోంగ్‌లో మాత్రం 2019లో స్థానిక చిత్రకారులు ఆ సందు అరవైల నాటి బతుకును గీశారు. వాళ్ళకు నా దండం.

కొత్తగా కట్టే స్టేడియాలకు, స్టేషన్లకు ఇంకా బోలెడు ఖాళీ గోడలున్నాయి. వాటిని అచ్చు యంత్రాలకు అప్పగించకండి. ముఖ్యంగా అక్కడి మన తెలుగువాళ్ళకు ఒక మనవి. పేరాక్‌లోని బాగన్ దతో కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో మనవాళ్ళు తరాల తరబడి చెమటోడ్చారు. 1955లో వాళ్ళు పెట్టుకున్న సంఘం ఇప్పుడు మలేసియా తెలుగు సంఘంగా నిలబడి ఉంది. పండగ వేదికలకు పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, అక్కడే పుట్టి పెరిగిన ఒక తెలుగు చిత్రకారుణ్ణో, చిత్రకారిణినో పిలవండి. ఒక గోడ ఇవ్వండి, తొందరపెట్టకుండా ఏళ్ళ గడువివ్వండి. తోటల్లో పనిచేసిన అవ్వలు, తాతలు ఇంకా కొందరైనా ఉండగానే వాళ్ళ ముందు కూర్చుని ఆ ముఖాలు గీయించండి, గాజులో కట్టించండి.