తడిసిన సూటు, తప్పని అడుగు

చేతిలో ఉన్న గొడుగు ముడిచేసి జోరువానలో తడిసేవాణ్ణి లోకం పిచ్చివాడంటుంది. 'సింగింగ్ ఇన్ ద రెయిన్' (1952)లో జీన్ కెల్లీ చేసేది ఆ పనే. చూస్తున్న మనకు మాత్రం వీధిలోకి పరిగెత్తాలనిపిస్తుంది. హాలీవుడ్ మ్యూజికల్ కామెడీలు కోకొల్లలు. దీని సరసన కూర్చోబెట్టదగ్గవి నన్నడిగితే ఒక చేతి వేళ్లకు మించవు.

ఆ పాటను ఒకసారి కాళ్లవైపే చూస్తూ చూడండి. గుమ్మం దగ్గర ప్రియురాలికి వీడ్కోలు చెప్పి, టాక్సీని పంపేసి, మామూలుగా నడవడం మొదలుపెడతాడు. ఆ నడక ఏ అడుగు దగ్గర నాట్యమైందో పట్టుకోండి చూద్దాం! దీపస్తంభం ఎక్కి ఒంటిచేత్తో వేలాడతాడు. ధారకట్టిన గొట్టం కింద మొహం పెడతాడు. వాద్యాలన్నీ ఒక్కసారి ఉప్పొంగగానే నడివీధిలోకి వచ్చి గొడుగుతో గిర్రున తిరుగుతాడు, సరిగ్గా అప్పుడే కెమెరా క్రేన్ మీద వెనక్కి, పైకి లేస్తుంది. నాలుగు నిమిషాల పాటలో షాట్లు పట్టుమని పది ఉంటాయేమో. తప్పు దాచుకోవడానికి చోటే లేదు.

ఎం.జి.ఎం. స్టూడియో ఆవరణలోని వీధి సెట్‌కు నల్ల టార్పాలిన్లు కప్పి పట్టపగలే రాత్రి చేశారు. చినుకులు కనబడటానికి నీళ్లలో పాలు కలిపారని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మకండి. చినుకు వెనకనుంచి లైటు పడితే చాలు, తళుక్కుమంటుంది. ఛాయాగ్రాహకుడు హెరాల్డ్ రాసన్ పనితనం అది. కెల్లీ చిందులు తొక్కే నీటిగుంటలు కూడా వాన పుణ్యాన వచ్చినవి కావు, అడుగు పడాల్సిన చోటు చూసి తవ్వించినవి. ఇంత చేస్తూ ఆ మనిషి 103 డిగ్రీల జ్వరంతో ఉన్నాడట! పైగా ఒంటిమీది ఉన్ని సూటు తడిసి బిగుసుకుపోతోంది.

తడినేల మీద టాప్ డాన్స్ బూట్లు మోగవు. అందుకని పాట ముందే రికార్డు చేసి, సెట్‌లో అది వినిపిస్తూ ఆడించి, అడుగుల చప్పుడు మాత్రం తర్వాత తీరిగ్గా విడిగా చేర్చారు. నీళ్ల చప్పుడు, బూటు చప్పుడు తాళం తప్పకుండా కలిసి వినబడటం వెనక ఇంత చాకిరీ ఉంది.

చరిత్ర అంటారా, నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ ఒకప్పుడు పాటల రచయిత. నాసియో హెర్బ్ బ్రౌన్‌తో కలిసి తాను కట్టిన పాత పాటల మూటను బెట్టీ కామ్‌డెన్, అడాల్ఫ్ గ్రీన్ చేతిలో పెట్టి కథ అల్లమన్నాడు. మూకీలు టాకీలైన రోజుల్ని వాళ్లు పట్టుకున్నారు. కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి దర్శకత్వం వహించారు. ఈ మాత్రం తెలిస్తే చాలు.

ఇదే సినిమాలో డొనాల్డ్ ఓ'కానర్ నవ్వులపాట సంగతి వేరు. పరిగెత్తుకెళ్లి గోడ ఎక్కి వెనక్కి పల్టీ కొడతాడు, ఇంకో గోడ మీద మళ్లీ అదే, మూడో గోడను బద్దలుకొట్టుకుని అవతల పడతాడు. షూటింగయ్యాక మంచం పట్టాడనీ, ఫిల్ము పాడైందంటే లేచొచ్చి మళ్లీ చేశాడనీ చెబుతారు. ఆ బాణీ కోల్ పోర్టర్ పాటకు మరీ దగ్గర. అభిమానినే అయినా ఆ విషయంలో వెనకేసుకు రాలేను.

ప్రియురాలిగా వేసిన డెబ్బీ రెనాల్డ్స్‌కు అప్పుడు 19 ఏళ్లు. జిమ్నాస్టిక్స్ వచ్చు, నాట్యం రాదు. కెల్లీ మాటలు పడలేక పియానో కింద దూరి ఏడుస్తుంటే నాట్యతార ఫ్రెడ్ అస్టేర్ చూసి, ఓదార్చి, తన సాధన చూడనిచ్చాడట. అస్టేర్ పక్షం వాళ్లు ఇది చెప్పి కెల్లీ పక్షాన ఉన్న మమ్మల్ని దెప్పుతారు. అస్టేర్ నేలకు ఆనకుండా ఆడతాడు, ఒప్పుకుంటాను. కానీ చెమట పట్టే మనిషి ఆట కెల్లీదే. నా ఓటు అటే. కెల్లీ, ఓ'కానర్, డెబ్బీ ముగ్గురూ కలిసి సోఫా దొర్లించే పాటకు పొద్దుటినుంచి రాత్రిదాకా ఆడి డెబ్బీ పాదాలు నెత్తురోడాయి. తెరమీద ఆ ముఖంలో నవ్వు చెదరలేదు.

కథలో కీచుగొంతు తార లీనాకు డెబ్బీ పాత్ర గొంతు అరువిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ సంభాషణ డబ్బింగు దృశ్యంలో వినబడేది లీనాగా వేసిన జీన్ హేగన్ సొంత గొంతే! అంత చక్కటి గొంతున్న నటి సినిమా అంతా కీచుమంది. అక్కడి ఒక పాటకు గొంతిచ్చింది బెట్టీ నోయెస్, తెరమీద ఆమె పేరు లేదు. అరువుగొంతు మోసాన్ని ఎండగట్టిన సినిమాలోనే ఈ అన్యాయం! 1964 నాటి 'మై ఫెయిర్ లేడీ'లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు పాడిన మార్నీ నిక్సన్‌దీ అదే గతి. ఘంటసాల, సుశీల పేర్లు సగర్వంగా వేసుకున్న మన సినిమా ఈ విషయంలో వాళ్లకంటే పెద్దమనసు చూపింది.

ఇప్పటి సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది. నడుము దాకా ఒక షాటు, మోకాలు ఒక షాటు, వెనక వందమంది, కన్ను మూసి తెరిచేలోగా కట్. ఆడింది ఎవరు, ఎడిటరా? వాన పాటంటే తడిబట్టలని మనవాళ్లు ఏనాడో తీర్మానించుకున్నారు. హాలీవుడ్ కూడా తక్కువ తినలేదు. 'షికాగో' (2002) ఆస్కార్ కొట్టుకుపోయింది గానీ, అందులో ఒక అడుగు పూర్తిగా చూద్దామంటే కత్తెర అడ్డు. 'లా లా లాండ్' (2016) కనీసం నిండు మనిషిని చూపింది, ఆ గౌరవం దానికిస్తాను.

ఈ సినిమా తీసిన ఎం.జి.ఎం. ఏం చేసింది? 1970లో దుస్తులూ సామగ్రీ వేలం వేసింది, తర్వాత స్టూడియో స్థలాలూ అమ్ముకుంది. ఆ వేలంలో వందల దుస్తులు కొని కాపాడింది ఎవరనుకున్నారు? పాదాలు నెత్తురోడిన డెబ్బీయే. మ్యూజియం పెట్టాలని దశాబ్దాలు తిరిగి, చేయూత దొరక్క, 2011లో తనే వేలానికి పెట్టాల్సి వచ్చింది. కోట్ల డాలర్ల పరిశ్రమకు ఒక గది కరువైంది!

మన ఊళ్లలో ఫిల్మ్ క్లబ్బులు నడిపేవాళ్లకు ఒక్క విన్నపం. సీరియస్ సినిమాలే సినిమాలన్న పట్టుదల ఒక్క సాయంత్రం పక్కనబెట్టి దీన్ని పెద్ద తెర మీద వేయండి. డాన్స్ స్కూళ్ల పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఫోన్లో చూసేశామని వాళ్లంటే ఒప్పుకోకండి, అంత చిన్న తెరమీద కాళ్లు కనబడవు.